మాస్టరు ఆఖరి మెరవణి

కరోనా తర్వాత బత్తలపల్లె వీధుల్లో బ్యాండు మేళం మళ్లీ మోగిందంటే అది నా చలవే. ఈ మాట టీ కొట్టులో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను, అనంతపురంలో నా కళ్లు చూసిన డాక్టరుకు కూడా చెప్పాను. చెదిరిపోయిన మేళగాళ్లను ఇంటింటికీ తిరిగి కూడగట్టింది నేను. మాస్టరు చేతిలో మళ్లీ క్లారినెట్ పెట్టింది నేను. ఆ రోజు ఎదురుకోలులో ఆయన పరువు నిలబెట్టింది నేను. లేపాక్షి మొదలుకొని అనంతపురం దాకా నాలుగు వేల పెళ్లిళ్లలో పెద్ద డ్రమ్ము కొట్టిన చేతులివి, మామూలు చేతులు కావు.

నాలుగు వేలన్నది కొంచెం ఎక్కువే. ఏడాదిలో ముహూర్తాలుండే నెలలు ఎన్నో తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. నాలుగు వందలు అనుకోండి. అందులోనూ మొదటి పదేళ్లు నేను కొట్టింది డ్రమ్ము కాదు, తాళాలు. మిగతా గొప్పల సంగతి వరసగా చెబుతాను.

మాది తొమ్మిది మంది మేళం. అందరికంటే ముందు నడిచేవాడు క్లారినెట్ మాస్టరు. సాయిబులు. వాళ్ల నాయన, తాత కూడా ఇదే ఊళ్లో ఊదినవాళ్లు. రాములవారి రథం ముందూ ఆయనే, పీర్ల సవారి ముందూ ఆయనే. నాకంటే మూడేళ్లు పెద్ద కాబట్టి ‘అన్నా’ అనేవాణ్ణి. ఆయన నన్ను ‘అప్పా’ అని తప్ప ఇంకోలా పిలిచిన గుర్తు లేదు.

వీధిలో ఊరేగే మెరవణి చూసేవాళ్లకు తెలియని సంగతొకటి ఉంది. నడుస్తూ క్లారినెట్ ఊదేవాడికి ఊపిరి చాలదు. ఊపిరి తెగిపోయే చోట డ్రమ్ము పైకి రావాలి. అందుకు మా మధ్య ఒక గుర్తు ఉండేది. మాస్టరు ఎడమ మోచేయి రవ్వంత బయటికి లేపుతాడు. వెనకనున్న నేను నాలుగు దెబ్బలు గట్టిగా వేస్తాను. ఆ సందులో ఆయన ఊపిరి నింపుకుని పాట అందుకుంటాడు. పెళ్లివాళ్లేమో అది వాయిద్యంలో ఒక వరస అనుకుంటారు. ముప్పై ఏళ్లు ఆ మోచేతిని చూస్తూ నడిచాను. నా పెళ్లాం మొహం కూడా అంత శ్రద్ధగా చూడలేదు. మోచేయి లేవనిదే దెబ్బ పెంచకూడదు. తాళాలు వదిలి డ్రమ్ము తగిలించుకున్న రోజున మాస్టరు నాకు నేర్పిన మొదటి పాఠం అది.

కరోనా వచ్చాక పెళ్లిళ్లు గుడి గుమ్మంలో తాళి కట్టి ముగించుకునేదాకా వచ్చాయి. అక్కడ మేళానికి చోటెక్కడ? ట్రంపెట్ ఊదేవాడు పాత ఆటో ఒకటి తీసుకుని ధర్మవరం రోడ్డులో తిప్పుకున్నాడు. ఇద్దరు బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయి అక్కడే ఉండిపోయారు. నా డ్రమ్ముకు ఒక పక్క తోలు ఎలుకలు కొట్టేశాయి. ఎలాగూ నోరు తెరిచింది కదా అని అందులో విత్తనం శెనక్కాయలు పోసి పైన గోనెపట్ట కప్పాను. చెప్పుకోవడానికి సిగ్గే గాని, ఆ డ్రమ్ము మా ఇంట్లోవాళ్లకు నచ్చింది ఆ ఒక్క ఏడాదే.

మా తొమ్మిది మందికి ఒక ఒప్పందం ఉండేది. ఎవరు ముందు పోయినా మిగతావాళ్లు మేళం ఎర్రకోట్లు తొడుక్కుని వాయిస్తూ సాగనంపాలి. మాస్టరు మాత్రం నవ్వేవాడు.

“మా వాళ్లలో సావు కాడ వాయించేది లేదప్పా. నాకు టోపీలు తీసి ఊరికే నిలబడండి. మీరు అంతసేపు గమ్మునుంటే అదే నాకు పెద్ద మర్యాద.”

జబ్బు రెండోసారి ఊరి మీద పడినప్పుడు మా చిన్న డ్రమ్ము వాయించేవాడు పోయాడు. ఇరవై ఏళ్లకు పైగా నా పక్కన నడిచిన మనిషి. మూట కట్టి వ్యానులో పెట్టి తీసుకుపోయారు. వాయించడం మాట అటుంచి, ఆ వ్యాను ఏ దారిన పోయిందో కూడా మాకు తెలియలేదు. ఆ సాయంత్రం నేను ఇంట్లో ఎర్రకోటు తొడుక్కుని మంచం మీద కూర్చున్నాను. ఎటు పోవాలో తోచలేదు. కాసేపటికి విప్పి మేకుకు తగిలించాను. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.

అదే నెలలో మాస్టరు అనంతపురం ఆసుపత్రిలో చేరాడు. ఆక్సిజన్ పెట్టారు. ఇరవై రోజులకు ఇంటికి తెచ్చారు గాని మనిషి సగమే వచ్చాడు. చూడడానికి పోతే గోడకు ఆనుకుని, చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఒకటి పట్టుకుని కూర్చున్నాడు. డబ్బాలో మూడు గోళీలు, పక్కన ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లాగితే గోళీలు పైకి లేవాలట. లాగాడు. ఒక గోళీ వణుక్కుంటూ సగం దాకా లేచి పడిపోయింది.

“చూడప్పా, మేళంలో ముగ్గురుండారు. ఒకడు లేస్తాండాడు, ఇద్దరు పండుకోనుండారు” అన్నాడు.

లోపల్నుంచి వాళ్లావిడ కేకేసింది. ఆమెను నేను వదినా అంటాను. “మాట్లాడొద్దన్నారు కదా డాక్టర్లు! ఉండే పిసరంత ఊపిరీ ఎకసెక్కాలకే ఖర్చు పెట్టు!”

నేను తెలివైన మాట ఒకటి అన్నాను. “ఇంక క్లారినెట్ సంగతి మరిసిపో అన్నా. మేళం ఖతం. అందరూ డీజే బాక్సులు పెడతాండారు.”

ఆయన గోళీల డబ్బా పక్కన పెట్టాడు. “ఒక్క మెరవణి అప్పా. ఒక్క పాట మొదులు నుంచి కడదాకా ఊదల్ల. జనం చెవిన పడల్ల. ఆ పైన నువ్వు ఎట్ల చెప్తే అట్ల.”

చూశారుగా, మేళం ఖతం అన్నది నేను. ఇంటింటికీ తిరిగింది ఆయన. ఆరేడు నెలలు గడిచాక, ట్రంపెట్‌వాడి ఆటోలో కూర్చుని, ప్రతి గుమ్మం ముందూ దిగి, ఆయాసం తీరేదాకా అరుగు మీద ఆగి, అప్పుడు మాట్లాడేవాడట. మా ఇంటికీ అలాగే వచ్చాడు. వసారాలో డ్రమ్ము మీది గోనెపట్ట తీసి లోపలికి తొంగిచూశాడు.

“ఏందప్పా, డ్రమ్ములో శెనక్కాయలు పోసినావు?”

“ఏం జేద్దామన్నా, మోగేది లేదు కదా.”

“కాయలు తీసెయ్. ధర్మవరం తీస్కపోయి తోలు ఏపిద్దాం.”

“వాన పడనీలేన్నా. విత్తనం ఏసినాంక సూద్దాం.”

“వాన వచ్చేదీ నేనుండేదీ రెండూ నమ్మకం లేదు. తీసెయ్.”

ఆయన అక్కడే నిలబడి తీయించాడు. నా భార్య ఆ కాయల్ని చీరె పరిచి దాని మీద పోసుకుంటూ ఇద్దర్నీ కలిపి తిట్టింది. డ్రమ్ముకు కొత్త తోలు బిగించారు. వేలితో మీటితేనే గోడ అదిరేది.

తొమ్మిది మందిమి ఆరుగురం మిగిలాం. బజారులో కొట్టు నడిపే శెట్టిగారి ఇంట్లో పెళ్లి కుదిరింది. రాత్రికి డీజే మాట్లాడుకున్నారు గాని, ఆ ఇంటి ముసలామె పట్టుబట్టింది. తన పెళ్లిలో మాస్టరు వాళ్ల నాయన ఊదాడట. పెళ్లికొడుకు ఊళ్లో అడుగు పెట్టేటప్పుడు ఊదే మేళమే ఉండాలంది. సాయంత్రం బస్టాండు దగ్గర మగపెళ్లివాళ్లు దిగగానే ఎదురుకోలు. అక్కణ్ణుంచి బజారు వీధి గుండా కల్యాణమంటపం దాకా మెరవణి. పావుగంట నడక. మాస్టరు ఆ నడకకు ఒకే పాట ఎంచుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా అదే.

ఎర్రకోట్లు బయటికి తీశాం. మాస్టరు కోటు ఆయన మీద వేలాడుతుంటే వెనక నాలుగు పిన్నీసులు పెట్టి బిగించారు. ట్రంపెట్‌వాడికేమో ఆటో సీట్లో కూర్చుని కూర్చుని పొట్ట వచ్చి గుండీ పట్టలేదు.

“అన్నకు కోటు తొడిగినారా, కోటుకు అన్నను తగిలించినారా?” అన్నాడు వాడు.

“నీ గుండీ ఊడిపోయి పెండ్లికొడుకు కంట్లో పడకుండా చూసుకో పో” అన్నాడు మాస్టరు. ఆ రోజు ఆయన మొహంలో కళ చూసి ఎంతకాలమైందో అనుకున్నాను.

బస్సు ఆగింది. హారతి ఇచ్చారు. మాస్టరు క్లారినెట్ ఎత్తాడు. మొదటి వరస వినబడగానే కొట్లలో జనం లేచి బయటికి వచ్చారు. పండ్ల బండి ఆమె తూకం ఆపి చూసింది. ఇంత వరకూ నిజం.

తర్వాత జరిగిందాన్ని నేను ఊరంతా ఎలా చెప్పుకున్నానంటే, బజారు మొదట్లోనే మాస్టరు మోచేయి లేచింది, నేను అందుకున్నాను. బట్టల కొట్టు దగ్గర మళ్లీ లేచింది, మళ్లీ అందుకున్నాను. మంటపం దాకా ఆయన ఊపిరిని నా చేతుల మీద మోసుకుపోయాను. క్లారినెట్ ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఊదిందో ఒక్క మనిషికీ తెలియలేదు. స్నేహితుడంటే నేను!

చెప్పాలంటే, మోచేయి లేచిందో లేదో నేను చూడలేదు. ఆ రోజు నేను చూసింది ఆయన మెడ. నరాలు తాళ్లలాగా పైకి తేలాయి. చెవుల వెనక చెమట కారుతోంది. గోడకానుకుని గోళీ లేపలేక కూర్చున్న మనిషే నా కళ్ల ముందు ఉన్నాడు. నడివీధిలో, పెళ్లికొడుకు ముందు, అంతమంది చూస్తుండగా ఆయన పాట తెగిపోతే? పడిపోతే? భయం చేతుల్లోకి దిగింది. కొట్టాను. నాలుగు దెబ్బలు కాదు, ఆపకుండా కొట్టాను.

మంటపం మెట్ల దగ్గర ఆపాం. ముసలామె తాంబూలం పళ్లెంతో ఎదురొచ్చింది. మాస్టరు పక్కకు జరిగి, క్లారినెట్ విప్పి, ముక్క ముక్కా తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. మామూలుగా అయితే మెరవణి కాగానే మాకు తిట్లుండేవి. ఫలానా మలుపులో తొందరపడినావు, ఫలానా చోట నిద్రపోయినావు అని. ఆ రోజు ఒక్క మాటా అనలేదు. అలసట అనుకున్నాను. దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

“చూసినావా అన్నా, ఎవురికీ తెలీలేదు.”

పెట్టె మూత వేస్తూ ఆగాడు. “అవునప్పా. ఎవురికీ తెలీలేదు” అన్నాడు.

ఆ తర్వాత ఆయన క్లారినెట్ ముట్టలేదు. ఇంకో రెండు పెళ్లిళ్లవాళ్లు వచ్చి అడిగితే ‘మా తమ్ముడు డ్రమ్ము కొడతాడు, తీస్కపోండి’ అన్నాడట. ఆ మాట నా చెవిన పడినప్పుడు, నన్ను తమ్ముడన్నాడని పొంగిపోయాను. మరుసటి చలికాలం వెళ్లేలోపు ఊపిరి మరీ బిగిసింది. మళ్లీ ఆసుపత్రికి రానన్నాడు. ఒక ఉదయం ట్రంపెట్‌వాడు ఆటో వేసుకొచ్చి మా ఇంటి ముందు నిలిపి, హారను కొట్టకుండా, దిగకుండా అలాగే కూర్చున్నాడు. నాకు అర్థమైంది.

గోరీల దగ్గర ఐదుగురం ఎర్రకోట్లు తొడుక్కుని, టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డాం. మట్టి వేయడం అయ్యేదాకా గమ్మునున్నాం. అంతసేపు నోరు మూసుకోవడం నా జీవితంలో అదే మొదలు.

కానీ ఎన్నాళ్లు మూసుకుంటాను? నలభయ్యో నాడు వాళ్లింట్లో ఫాతిహా చదివించి భోజనాలు పెట్టారు. అనంతపురం నుంచి, ధర్మవరం నుంచి బంధువులొచ్చారు. ఆఖరి మెరవణి ఎలా జరిగిందో చెప్పమని ఒకాయన అడిగాడు. అడగకపోయినా చెప్పేవాణ్ణే. మోచేయి రెండుసార్లు లేచిందన్న కథలో ఆ రోజు ఐదుసార్లు లేచింది. మూడోసారి లేచిన చోటికి వచ్చేసరికి వినేవాళ్లలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నా కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి, అవి దొంగ నీళ్లు కావు. ఊపిరి లేని మనిషి పరువును నా డ్రమ్ము కింద దాచి ఒడ్డుకు చేర్చానని చెబుతున్నాను. వదిన వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

“నిలుపప్పా ఇంక. నలభై దినాలు చూసినా. ఆయన మోచేయి ఒక్కసారి గూడా లేపలేదు. ఇంటికొచ్చి ఆయనే చెప్పినాడు నాకు.”

“అది కాదొదినా, ఆయన ఆయాసం చూసి...”

“ఎవురు చూడమన్నారు నిన్ను? మూడు నెలలు తలుపేసుకోని, దుప్పటి ముసుగేసుకోని ఊదినాడు, ఈదిలో ఎవురికీ ఇనపడగూడదని. కడదాకా తెగకుండా వచ్చినాంకనే పెండ్లి ఒప్పుకున్నాడు. ‘పెండ్లయినకాడ్నించి నన్ను మెరవణిలో సూడనే లేదు నువ్వు, ఈ పొద్దు సందు మొగన నిలబడి ఇను’ అన్నాడు. పోయి నిలబడినా. నా ముందరే పోతిరి. ఆయన బుగ్గలు ఉబ్బేది చూసినా, వేళ్లు ఆడేది చూసినా. పాట తెగలేదప్పా ఆ పొద్దు. ఆయన ఊదినాడు. నువ్వే ఇననీలేదు.”