ముందస్తు మామయ్య మోకాలి నొప్పి

మా వీధి వడ్రంగికి ఒకటే జబ్బు. ఎక్కడికి వెళ్లినా ముందే వెళతాడు. కాస్త ముందు కాదు, అవతలివాళ్లు సిగ్గుపడేంత ముందు. పెళ్లికి వెళితే పందిరి వేసేవాళ్లకి నిచ్చెన పట్టుకుంటాడు. సినిమాకి వెళితే అంతకుముందు ఆట చూసి బయటికొచ్చేవాళ్లు చెప్పుకునే కథంతా వినేసి, తన ఆటలో హాయిగా నిద్రపోతాడు. ఒకసారి ఎవరో పెద్దాయన పోయేలా ఉన్నాడని విని పలకరించడానికి వెళితే, ఆ పెద్దాయనే వచ్చి తలుపు తీశాడు.

"ఇంకా టైముందిలే, కూర్చో" అన్నాడట.

ఉండబట్టలేక వాళ్లావిడని అడిగాను. "పుట్టడమైనా వేళకి పుట్టాడా వదినా?"

"ఎక్కడ? ఏడో నెలకే వచ్చేశాట్ట. మంత్రసాని ఇంకా వాళ్లింట్లో చెప్పులు వెతుక్కుంటోందట."

పిల్లలు ఆయనకి ముందస్తు మామయ్య అని పేరు పెట్టారు. నాకు వరసకి అన్నయ్య అయినా, ఆ పేరే నోటికి అలవాటైపోయింది.

మొన్న మా సేవాసంఘం తరఫున పరాయి దేశం వెళ్లాం. అక్కడ వరదకి పాడైన చిన్న ఆసుపత్రిని బాగుచెయ్యాలి. డాక్టరుగారు మాకు నాయకుడు. మామయ్య తలుపులూ కిటికీలూ బిగించి, కప్పు మీద రేకులు సర్దాడు. మా వీధిలో అందరి చేతులకీ ఎప్పుడో ఒకప్పుడు సూది పొడిచిన రిటైర్డు నర్సు, మా సూదులక్కయ్య, కుర్చీ వేసుకు కూర్చుని పసిపిల్లలకి టీకాలు వేసింది. నేను వంట చూశాను. మిగతావాళ్లేం చేస్తున్నారో కూడా చూశాను.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే డాక్టరుగారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. "వచ్చేటప్పుడు విమానం మారేచోట మనవాళ్లు నత్తల్లా నడిచారు. కొంచెంలో విమానం తప్పేది. ఈసారి ఎవరు వెనకబడితే వాళ్లు వచ్చే ఏడాది ఇంట్లోనే. నాకు మొహమాటాల్లేవు."

సూదులక్కయ్య మొహం చిన్నబోయింది. ఆవిడ మోకాలు చాన్నాళ్లుగా మొరాయిస్తోంది. అడిగితే కరుస్తుందని ఎవరూ అడగరు. నేను అడిగి కరిపించుకున్నాను కాబట్టి తెలుసు. వచ్చే ఏడాది వెయ్యాల్సిన సూదులు తనే వచ్చి వేస్తానని అక్కడి తల్లులందరికీ మాటిచ్చేసింది. ఇప్పుడు వెనకబడితే ఆ మాట గంగలో కలిసినట్టే.

మేం ఇలా నిలబడి ఉండగానే మామయ్య సామానంతా బస్సు మీదికి ఎక్కించేశాడు. డ్రైవరు ఇంకా పళ్లు తోముకుంటున్నాడు. మన భాష రాదు కాబట్టి నోట్లో నురగతోనే పడమటి వైపు చెయ్యి చూపించాడు, విమానం సాయంత్రం కదా అని. మామయ్య కూడా చేత్తోనే చూపించాడు, ఎక్కు అని.

విమానాశ్రయంలో మా కౌంటరు ఇంకా తెరవలేదు. నేల తుడిచే ఆవిడ వచ్చి కాళ్లెత్తమని సైగ చేసింది, ఎత్తాం. అంత పెద్ద హాలూ తుడిచి మళ్లీ మా దగ్గరికే వచ్చింది. మళ్లీ ఎత్తాం.

డాక్టరుగారు ఆవలిస్తూ అన్నారు. "మామయ్యా, విమానం ఇంకా తయారుచేస్తున్నారేమో. వెళ్లి నాలుగు మేకులు కొట్టి రండి."

"పిలిస్తే వెళతాను డాక్టరుగారూ, తప్పేముంది?"

విమానం మారేచోటు ఒక ఊరంత ఉంది. దిగగానే మావాళ్లందరూ దుకాణాల మీద పడ్డారు. మామయ్య మాత్రం కౌంటరులో అమ్మాయికి టికెట్టు చూపించి ఏ గేటో కనుక్కున్నాడు. టికెట్టు మీదున్న గేటు మార్చేశారట, కొత్తది ఆ చివరాఖర్న ఉందట. వచ్చి డాక్టరుగారికి చెప్పాడు.

"సరే సరే, మీరు పదండి" అన్నారాయన, ఒక టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ.

"అక్కయ్యా, కాస్త తోడు రండి. ఒక్కణ్ణే వెళితే నాకు కంగారు."

"ఇప్పట్నించా?" అంది సూదులక్కయ్య.

"నా జబ్బు తెలిసిందే కదా."

ఇద్దరూ బయల్దేరారు. నన్ను పిలవలేదు, అయినా వెనకే వెళ్లాను.

నాలుగడుగులు వేశాడో లేదో, మామయ్య మోకాలు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "అబ్బా, పట్టేసింది అక్కయ్యా."

"ఎప్పట్నించయ్యా ఇది? నూనె రాస్తున్నావా?" అంటూ ఆవిడా పక్కన కూర్చుంది. కాసేపటికి లేచారు. తరవాతి బెంచీ దగ్గర మళ్లీ అబ్బా అన్నాడు. ఆ తరవాతి బెంచీ దగ్గరా అంతే. ఆవిడ మంచినీళ్లకని లేవగానే నేను పట్టుకున్నాను.

"ఏం అన్నయ్యా, మొన్న ఆసుపత్రి కప్పు మీద ఉడతలా గెంతినప్పుడు ఈ మోకాలు ఎక్కడ పెట్టావు?"

"మెల్లగా చెల్లెమ్మా, ఆవిడ వింటుంది."

"వింటే?"

"మొండి మనిషి. కూర్చోమంటే కూర్చోదు, పళ్లబిగువున నడుస్తుంది. నేను కూలబడితే పాపమని తనూ కూర్చుంటుంది. ఇలా కూర్చుంటూ లేస్తూ వెళ్లాలంటే ముందే బయల్దేరాలి కదమ్మా."

ఆలోచిస్తే, ఆయన అంత ముందుగా ఒంటరిగా వెళ్లింది ఎప్పుడూ లేదు. పక్కన మెట్లెక్కలేని వాళ్లత్తగారో, కర్ర పట్టుకున్న దర్జీయో ఉండేవారు. మేం ఈయన్ని చూసి నవ్వడంలో పడి వాళ్లని చూడనేలేదు.

గేటు చేరి హాయిగా కూర్చున్నాం. అందరూ విమానం ఎక్కుతున్నారు, మావాళ్ల జాడ లేదు. పాత గేటు దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నారని తరవాత తెలిసింది. చివరి పిలుపు వచ్చింది. గేటు అమ్మాయి అద్దాల తలుపు మూయబోయింది. మామయ్య గబుక్కున వెళ్లి తలుపుకీ గోడకీ మధ్య కూర్చున్నాడు.

"మడతబందు వదులైందమ్మా. ఇలా వదిలేస్తే తలుపు వాలిపోతుంది. చూడు, ఇక్కడ చూడు" అని తెలుగులోనే వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి తన భాషలో ఏదో అంది. ఆయన రెండో మడతబందు మొదలుపెట్టాడు. మూడోది కూడా అయిపోవస్తుండగా మావాళ్లు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా వెనక, టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని, డాక్టరుగారు.

సూదులక్కయ్య తీరిగ్గా లేచి నిలబడింది. "వెనకబడ్డవాళ్లు వచ్చే ఏడాది ఇంట్లోనే అన్నారు కదూ, డాక్టరుగారూ?"

ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నారు. "మీరు రండమ్మా. మొదటి పేరు మీదే. నన్ను కూడా తీసుకెళ్లండి."

విమానంలో సూదులక్కయ్య నా పక్కన కూర్చుంది. అటు పక్క వరసలో మామయ్య నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమే, ఒకటి చెబుతాను, ఎవరితోనూ అనకు. వడ్రంగి మోకాలు పూర్తిగా పోయింది. బయటపడకూడదని పాపం ముందుగా బయల్దేరుతున్నాడు. బెంచీ బెంచీకీ కూర్చోబెట్టి తీసుకొచ్చాను కాబట్టి సరిపోయింది. నా కాలికీ హాయిగానే ఉందనుకో. డాక్టరుకి తెలిస్తే ఈయన్ని మళ్లీ రానివ్వడు."

"మరెలా అక్కయ్యా?"

"ఎలా ఏమిటే, నేను లేనూ? వచ్చే ఏడాది కూడా దగ్గరుండి నడిపించుకొస్తాను."

అని చెయ్యి చాపి, జారిపోతున్న దుప్పటి లాగి, ఆయన మోకాళ్లు రెండూ జాగ్రత్తగా కప్పింది.