రాములవ్వ చీటీ

బాప్తిస్మంలో పౌలు అని పేరు పెట్టారు గానీ, దోహా ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంప్‌లో పోశన్నను ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. జగిత్యాల దగ్గరి పల్లెలో వాళ్లమ్మ రాములవ్వ మంగళవారం చనిపోయింది. సెలవు అడిగితే అరబ్బీలో ‘మాఫీ’, అంటే లేదు పొమ్మన్నారు కంపెనీవాళ్లు. తల్లి మట్టికి పోలేని కొడుక్కి ఒకటే కోరిక మిగిలింది. ఊళ్లో ఏ విశ్వాసి పోయినా సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన చేస్తుంది. ఇక్కడ దోహాలో కూడా రాములవ్వ కోసం నలుగురు లేచి నిలబడాలి.

శుక్రవారం ఆరాధనకు ఆ మనవి చీటీ మీద రాసుకుని పోయాడు. 2008, ఆగస్టు పదిహేను. గ్యాస్ డబ్బుతో దోహా పొంగిపొర్లుతున్న రోజులు. దేవుడు కూడా జీతాలు పెంచే పనిలోనే ఉన్నాడని సంఘపెద్దల నమ్మకం. కొత్త కారు కొన్నవాళ్లు సాక్ష్యం చెప్పాలి, కొననివాళ్లు చప్పట్లు కొట్టాలి. పోశన్న మూడేళ్లుగా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

ఆవేళ హాలంతా జెండాలే. ముందు దేశం మీద ప్రసంగం, తర్వాత లక్కీ డ్రా, బహుమతి ఎల్‌సీడీ టీవీ. గుమ్మం దగ్గర రెండు పెట్టెలు పెట్టారు, ఒకటి ప్రార్థన మనవులకు, ఒకటి డ్రాకు. ఎవరో దేశభక్తులు పైనున్న అక్షరాలు కూడా కనబడకుండా రెంటికీ మూడు రంగుల కాగితం చుట్టేశారు. పోశన్న తన చీటీ ఒకదాంట్లో వేసి వెనక వరుసలో కూర్చున్నాడు.

డ్రా తీసింది సంఘపెద్ద, ఇంజనీరు సుధాకరరావు. చీటీ విప్పి మైకులో గట్టిగా చదివాడు.

"మా అవ్వ రాములవ్వ సచ్చిపోయింది. నేను పోలేకపోయిన. అందరు నిలవడి..." అక్కడ ఆగాడు.

పోశన్న చెయ్యెత్తాడు. "గా చీటీ నాదే సార్."

"పెట్టె మారిందయ్యా. వచ్చే వారం ప్రార్థనలో పెడదాంలే," అన్నాడు సుధాకరరావు. చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడంతే. "ఇది చెల్లదండీ, ఇంకొకటి తీస్తున్నాను."

హాలు నవ్వింది. టీవీ వచ్చినావిడ స్తోత్రం చెబుతూ ఏడ్చింది కూడా. పోశన్నకు మాత్రం ఏడుపు రాలేదు. అంతమంది మధ్య ఉన్నంత ఒంటరిగా అతను ఎడారిలో పనిచేసినప్పుడు కూడా లేడు.

చివర జాతీయగీతం. కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.

"లేవవయ్యా," అని పక్కాయన భుజం తట్టాడు.

లేచి చుట్టూ చూశాడు. ఇంజనీర్లు, నర్సులు, కొత్త కార్లవాళ్లు, టీవీ వచ్చినావిడ, నాలుగు వందల మందీ నిటారుగా నిలబడి ఉన్నారు. పోశన్న కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు లోలోపల, "గీళ్లు ఎవలికోసం నిలవడ్డరో నువ్వు అడగకు. మా అవ్వ కోసమే అనుకో."