చూసేందుకు పెంచిన గడ్డి

పట్నంలో సర్కారు తోట ఉందని, అందులో గడ్డి కోసి పారేస్తారని జడ్చర్ల అంగడిలో ఒక బండివాడు అన్నాడు. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చింది నేనే. రెండేళ్లుగా వాన లేదు. మా గొర్రెలు సగం చచ్చిపోయాయి, మిగిలినవి ఎముకల గూళ్లు. నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయేది?

బాపు మర్నాడే మందను లేపాడు. అమ్మను ఇంటి దగ్గర ఉంచి, నన్ను వెంట తీసుకున్నాడు. ఆరు రోజులు నడిచాం. దారిలో కూలబడిన వాటిని అక్కడే వదిలేశాం.

తోట కమ్మీల బయట నిలబడి నేను ఏడ్చేశాను. అంత పచ్చదనం! మా ఊళ్లో తాగే నీళ్లకు వాగులో చెలిమలు తవ్వుకుంటున్న రోజులవి. ఇక్కడ గడ్డికి గొట్టంతో నీళ్లు చల్లుతున్నారు. షేర్వానీలు తొడుక్కున్న పెద్దమనుషులు ఆ గడ్డి పక్కన తీరిగ్గా తిరుగుతున్నారు. మా గొర్రెలు వాసన పట్టి కమ్మీల సందుల్లో మూతులు దూర్చాయి.

బాపు మాత్రం సంబరపడ్డాడు. మా దిక్కు రైతులు మందను చేలో నాలుగు రాత్రులు పడుకోబెట్టమని బతిమాలి పిలుస్తారు. చేనుకు ఎరువు పడుతుందని బదులుగా గింజలు కొలుస్తారు. అందుకే తాను అడుక్కోవడానికి రాలేదని, ఇవ్వడానికే వచ్చానని ఆయన ధీమా. తలపాగా సర్దుకుని దర్జాగా లోపలికి నడిచి, కమ్మీల దగ్గరే నీళ్లు చల్లుతున్న ముసలి మాలీని పలకరించాడు.

"అన్నా, నాలుగు రాత్రులు మా మందను మీ తోటల పండవెడ్త. మస్తు ఎరువైతది. గింజలు గిట్ల నాకేమొద్దు. కోసి పారేసే గడ్డి ఇంత ఏస్తే సాలు."

మాలీ మా గొర్రెల వైపు చూసి అన్నాడు.

"కోసింది సర్కారు గుర్రాలకు పోతది. గీ ఉన్నది తినెతందుకు గాదు, సూసెతందుకు. జల్ది తోలుకపో. జవాను సూస్తే బందెలదొడ్ల పెడ్తడు."

"గడ్డి సూసి ఏం జేస్తరన్నా?"

బాపు వెటకారంగా అనలేదు, నిజంగా తెలియకే అడిగాడు. మాలీ గొట్టం పట్టుకుని పక్కకు పోయాడు.

తిరుగు దారిలో గొర్రెలు ఒక్కొక్కటే పడిపోయాయి. ఊరు చేరేసరికి మేమిద్దరమే మిగిలాం. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా కొంత తేలికయ్యేది. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు.

నెల తిరక్కుండానే వానలు దంచికొట్టాయి. ఏళ్ల తరబడి మంద పడుకున్న మా దొడ్లో గడ్డి మోకాలెత్తు లేచింది. తినే నోరు ఒక్కటీ లేదు. బాపు పొద్దున లేస్తే దాని ముందే కూర్చునేవాడు.

"బువ్వ సల్లారుతాంది, గాడ కూసోని ఏం జేస్తున్నవ్?" అని అమ్మ ఒకనాడు కేకేసింది.

"గడ్డి సూస్తున్న" అన్నాడు బాపు.