ప్యాంటు అట్టకు కర్మ చేసిన రోజు

ఆ రోజుల్లో బళ్ళారిలో జీన్స్ ప్యాంటు కుట్టనివాడు ఉన్నాడంటే వాడు గుండీలు వేస్తూ ఉండేవాడు. గుండీలు వేయనివాడు ప్యాంట్లు ఉతుకుతూ ఉండేవాడు. ఈ మూడూ రానివాడు కుర్చీలో కూర్చుని మిగతా ముగ్గురికీ పని నేర్పుతూ ఉండేవాడు. నేను ఆ నాలుగో రకం. అప్పుడు నేను కుర్రాణ్ణి (పిల్లలు బడికి పోతున్నారు గానీ జుట్టు ఇంకా నల్లగానే ఉండేది), ఊరు మొత్తానికి పేరుమోసిన కంప్యూటర్ నిపుణుణ్ణి. ఊరు మొత్తం అంటే మా వీధి. నిపుణుణ్ణి అంటే ఒక అంగట్లో పెళ్ళిపత్రికలు టైపు చేసేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే శుభలేఖ మీద వినాయకుణ్ణి సరిగ్గా మధ్యలోకి తేవడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు.

మా సావుకారు, అంటే జీన్స్ యూనిట్ యజమాని, తన కూతురి పెళ్ళిపత్రిక కోసం వచ్చి నన్ను చూసినాడు. నేను కీబోర్డు వంక చూడకుండా టైపు చేస్తుంటే ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయినాడు. పత్రిక చేతికి వచ్చేలోపు నాకు ఉద్యోగం వచ్చింది.

ఆయనకు అప్పటికే ఒక గండం ఉంది. ముంబయి నుంచి ఆర్డర్లిచ్చే కంపెనీ ఒకటి ఆయన పంపిన సరుకంతా తిప్పి పంపింది. మా దగ్గర ప్యాంటు కొలతలు మందపాటి అట్టల మీద కోసి మేకుకు తగిలించేవాళ్ళు. ఆ అట్ట గుడ్డ మీద పెట్టి, గీత గీసి, కత్తిరించడమే. కొలత మారితే కొత్త అట్ట చేసేవాళ్ళు. పాతదాన్ని పారేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పదు, అది కూడా అదే మేకుకు తగిలించేవాళ్ళు. అట్లా ఒకసారి ప్యాంటు పాత అట్టతోనూ, నడుంపట్టీ కొత్త అట్టతోనూ కోసినారు. ఆ పట్టీ నడుం చుట్టూ తిరిగి వచ్చి, గుండీని పలకరించకుండా దాటిపోయింది. ముంబయివాళ్ళు మర్యాదగా ఒక మాట అన్నారు. మీరు ప్రోడక్ట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్ పెట్టుకోండి, దాని విలువ మీ పనివాళ్ళందరికీ నేర్పండి, మా మేడమ్ వచ్చి వాళ్ళనే అడిగి చూస్తుంది, ఆ తర్వాతే ఆర్డరు.

"నీకు తెలుసు కదప్పా ఇది?" అన్నాడు సావుకారు.

"చిన్నప్పటి నుంచీ తెలుసు" అన్నాను.

"ఆర్డరు వస్తే నువ్వే మేనేజరు. రాకుంటే మళ్ళీ పెళ్ళిపత్రికలే."

ఈ మాటలో మొదటి సగాన్ని నేను ఆ సాయంత్రమే మా సొంతూరు మోకకు బస్సెక్కి పోయి ఊరంతా చాటి వచ్చినాను. రెండో సగం బస్సులోనే మరిచిపోయినాను. మా మామ బస్‌స్టాండులో నిలబడి "మా అల్లుడు మేనేజరు" అని దిగినవాళ్ళకూ ఎక్కేవాళ్ళకూ కూడా చెప్తున్నాడని తెలిసినాక గానీ ఆ రెండో సగం నాకు మళ్ళీ గుర్తు రాలేదు.

బెంగళూరులో ఒక రోజు శిక్షణకు పంపినారు. గొప్ప శిక్షణ. భోజనం దాకా అంతా అర్థమైంది. భోజనం తర్వాత ఏం చెప్పినారో నాకు ఇప్పటికీ తెలియదు, అది నిద్రపోయేవాళ్ళ కోసం పెట్టినట్టుగా ఉన్న చల్లటి గది. సారాంశం మాత్రం పట్టుకొచ్చినాను. ఒక వస్తువు మనసులో పుట్టినప్పటి నుంచి, నమూనాగా పెరిగి, సరుకై బయటికి పోయి, చివరికి చెల్లకుండా పోయేదాకా దాని సంగతులన్నీ ఒకేచోట ఉండాలి. అందరూ అదొక్కటే చూడాలి. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు మేకులకు తగిలించుకోకూడదు.

యూనిట్‌లో అందరినీ కూర్చోబెట్టి మొదటి పాఠం చెప్పినాను. వందలమంది ఊపిరి బిగబట్టి విన్నారు (షెడ్డు చిన్నది, ఉక్కకు ఊపిరి ఆడకపోవడం వల్ల). ఇంగ్లీషు బొమ్మలు గోడ మీద వేసి, బాణం గుర్తులు చూపించి, గుండ్రంగా తిప్పినాను. కటింగ్ మాస్టరు కత్తెరప్ప చేయెత్తినాడు. ఆయన అసలు పేరు వేరే ఏదో ఉండేది, జీతాలిచ్చే రోజు మాత్రం ఆ పేరుతో పిలిచేవాళ్ళు.

"ఈ గుండ్రమేందప్పా? దీంతో మాకేం ఒరుగుతాది?"

చెప్పినాను. ఆయన పూర్తిగా విని, "చానా బాగుండాది" అని మళ్ళీ కునుకు తీసినాడు.

నేను నీరుగారిపోయి, గోడ మీది బొమ్మలు ఆపేసి, ఆఖరి ప్రయత్నంగా నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యలోకి దిగినాను. అది శుభలేఖల విద్య. "చూడండప్పా, ప్యాంటు కూడా మనిషి మాదిరే. పుడుతుంది. పేరు పెడతాం. పెరుగుతుంది. పెళ్ళి చేసి అత్తారింటికి పంపుతాం, అంటే ముంబయికి. ఒకరోజు పోతుంది. పోయినోణ్ణి ఇంట్లో పెట్టుకుంటామా?"

షెడ్డు లేచి కూర్చుంది.

"పెట్టుకోం" అన్నాడు కత్తెరప్ప.

"మరి మేకు మీద ఎందుకు పెట్టుకున్నారు?"

ఆయన మేకు వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. అన్నేళ్ళుగా ఒక శవం కింద కూర్చుని అన్నం తింటున్నానా అన్న చూపు అది.

అక్కడి నుంచి పాఠాలు పరుగెత్తినాయి. పనివాళ్ళు భోజనాల వేళ కూడా ప్రోడక్ట్ లైఫ్‌సైకిల్ గురించే మాట్లాడుకునేవాళ్ళు. ముంబయి కంపెనీ కోసం చేసిన కొత్త నమూనాకు "పెద్దోడు" అని పేరు పెట్టినారు. ఆ తర్వాత వాళ్ళు జేబు కొంచెం కిందికి దించమంటే, రెండో నమూనా పుట్టింది. వాడు "చిన్నోడు". నేను కంప్యూటర్లో పెద్దోడి పక్కన "చెల్లదు" అని గుర్తు పెట్టి, షెడ్డులోకి వచ్చి, పాఠం చెప్పిన గర్వంతో ఒక మాట అన్నాను. "పెద్దోడు పోయినాడప్పా."

ఆ మాట అని నేను ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను. మర్నాడు వచ్చేసరికి మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. షెడ్డు వెనక ఖాళీ జాగాలో జనం. పెద్దోడి అట్టను కొత్త గుడ్డలో చుట్టి, రెండు కర్రల మీద పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ షెడ్డు చుట్టూ తిప్పి తెచ్చినారు. ముందు ఒకడు పాత డబ్బా మీద కొడుతున్నాడు. కత్తెరప్ప తలమీద తువ్వాలు వేసుకుని కుండతో నీళ్ళు చుట్టూ పోసి, వెనక్కి చూడకుండా నిప్పంటించినాడు. తర్వాత అందరూ తలకు నీళ్ళు పోసుకుని వచ్చి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నారు.

సావుకారు నా చెవి దగ్గరికి వచ్చి, "ఇది కూడా ఆ కోర్సులో ఉండాదా?" అన్నాడు.

"భోజనం తర్వాత చెప్పినారు" అన్నాను.

"హౌదా, అట్లనా" అని ఆయన కూడా ఒక బజ్జీ తీసుకున్నాడు.

చివరికి ముంబయి మేడమ్ వచ్చింది. గంభీరమైన మనిషి, కళ్ళజోడు మెడకు వేలాడుతూ ఉంది. నేను పక్కన నిలబడి తర్జుమా చేసినాను. నా హిందీ అనర్గళం (ఉల్లిగడ్డల బేరం వరకు). ఆమె ఎవరిని అడిగినా టక్కున చెప్పినారు. "పాతది పక్కన పెట్టుకుంటే ఏమవుతుంది?" అంటే, "పోయినోడొచ్చి కొత్తోడి పనిలో చేయి పెడతాడు మేడమ్" అన్నారు. "అందరూ ఒకేచోట ఎందుకు చూడాలి?" అంటే, "పిల్లోనికి తలా ఒక పేరు పెడితే వాడు యాడ పలుకుతాడు?" అన్నారు. ఆమె ముఖంలో నవ్వులాంటిది వచ్చింది. నేను మనసులో మోక బస్‌స్టాండులో దిగినాను. పూలదండ కూడా వేయించుకున్నాను.

అప్పుడామె తీరుబడిగా అన్నది. "ఒక చిన్న మార్పు. జేబు కిందికి దించడం మావాళ్ళకు నచ్చలేదు. మొదటిదే బాగుంది. మొదటి నమూనా తీయండి, ఆర్డరు దాని మీదే."

నేను తర్జుమా చేయకముందే షెడ్డుకు అర్థమైంది. కత్తెరప్ప కత్తెర బల్ల మీద పెట్టినాడు.

"యాడిది మొదటిది? వాడు పోయినాడు కదా."

"కంప్యూటర్లో ఉండాది మాస్టరూ" అన్నాను నేను గొంతు తగ్గించి. "కొలతలు తీసి ఇస్తా, మళ్ళీ అట్ట కోసెయ్."

"గోడమీద ఫోటో ఉండాదని మనిషి ఉన్నట్లేనా? నా చేత్తో నీళ్ళు పోసినాను. కర్మ చేసినోణ్ణి లేపి పనికి పెడతారా ఎవరన్నా? నా పిల్లలు బతకల్లనా వద్దా?"

"అట్టకు ఏం కర్మప్పా!"

"నువ్వే కదప్పా చెప్పినావు, మనిషి మాదిరని."

దీనికి బెంగళూరులో జవాబు చెప్పి ఉంటారు, భోజనం తర్వాత. సావుకారు ముఖం ఉతకని జీన్స్ రంగులోకి తిరిగింది. "సుమ్నె, ఊరికే కోసెయ్యప్పా" అని బతిమాలినాడు. కత్తెరప్ప కదల్లేదు. ఆయన కదలకపోతే వెనక ఉన్న ఒక్క మిషనూ కదలదు. మేడమ్ చేతి గడియారం చూసుకుంది. పెళ్ళిపత్రికల వినాయకుడు నా కళ్ళముందు సరిగ్గా మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

ఆ క్షణంలో నా బుర్రలో మెరుపు మెరిసింది. అని మోకలో చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నా బుర్రలో ఆ క్షణంలో మూత్రానికి పోవాలన్న ఆలోచన తప్ప ఏమీ లేదు. మాట్లాడింది మూలన కూర్చున్న గుండీల అవ్వ. ఆమె నన్ను ఎప్పుడూ పేరుతో పిలిచేది కాదు, "ఏమప్పా" అనేది. కాలం చేసిన ఆమె మొగుడి పేరూ నా పేరూ ఒకటే, ఆ పేరు నోటితో అనకూడదు.

"ఏమప్పా, నీ పేరు ఎవురిది?"

"మా తాతది అవ్వా" అన్నాను.

"మీ తాత పోయినంక పెట్టినారా, ఉండంగా పెట్టినారా?"

"పోయినంక."

"ముక్కు?"

"ఆయనదే అంటారు."

"అయితే మీ తాత లేచి వచ్చినాడా, నువ్వు పుట్టినావా?"

షెడ్డు నా ముక్కు వంక చూసింది. కత్తెరప్ప కూడా దగ్గరికి వచ్చి చూసి, కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. "పెద్దోడు రాడు. పెద్దోడి పేరుతో మనవడు పుడతాడు. కొలతలు తాతవే. లెక్కకు మాత్రం మూడోవాడు. ఒప్పుకుంటే కోస్తా."

మేడమ్ ఏమిటని అడిగింది. ఉల్లిగడ్డల హిందీలో తాతనూ, మనవణ్ణీ, ముక్కునూ ఎట్లా సర్దినానో నాకే తెలియదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని కత్తెరప్పను, అవ్వను, నన్ను వరసగా చూసింది. అన్నిచోట్లా పాతదాన్నే బయటికి లాగి వాడేస్తారట, రెండూ కలిసిపోయి కొంప మునుగుతుందట, కొత్త అంకె వేసి కొత్తగా పుట్టించమని చెప్పీ చెప్పీ తనకు గొంతు పోయిందట. "మీకిది ఎవరు నేర్పినారు?" అంది. అందరూ నన్నే చూపించినారు. నేను కాదనలేదు.

ఆర్డరు వచ్చింది. మేనేజరు బోర్డూ వచ్చింది. మనవడి బారసాలకు అవ్వే చాపమీద అట్టను పడుకోబెట్టి, పేరు మాత్రం పక్కనున్న ఆమెతో చెప్పించింది. పెద్దవాళ్ళ పేర్లు అనడం ఆమెకు అలవాటు లేదు.

ఇప్పుడు నా జుట్టు ఎట్లా ఉందో అడగొద్దు. మొన్న మా ఇంట్లో నిజంగానే మనవడు పుట్టినాడు. ముక్కు నాదే అని చూసినవాళ్ళంతా అన్నారు. నేను ఏమీ ఎరగనట్టు ఉయ్యాల చుట్టూ తిరుగుతూ, బారసాల పత్రిక నేనే టైపు చేస్తానని, పేరు ఒక్కటి చెబితే చాలని కోడలితో అన్నాను. ఏదో కొత్త పేరు చెప్పింది, రెండుసార్లు అడిగి రాసుకోవాల్సి వచ్చింది.

"తాత పేరు పెట్టరా?" అన్నాను, నా పేరు కాదు, మా తాత పేరు అన్నట్టుగా.

మా ఆవిడ వంటింట్లోంచే అంది. "నువ్వు ఉండంగానే ఎట్ల పెడతారు? ఏం మాటలవి? వచ్చి ఉగ్గాని తిను."

పోయి కూర్చుని తిన్నాను. బజ్జీ కూడా ఒకటి ఎక్కువే వేసింది. పాత అట్ట మాదిరి మేకు మీద ఇంకా నేనే ఉన్నానన్న సంగతి, ఇన్నేళ్ళు అందరికీ పాఠం చెప్పినవాణ్ణి, నాకు తట్టనే లేదు.