వియ్యపురాలి వీపు రుద్దిన రోజు

కాన్‌స్టాంటీన్ నగరం పాతపేటలో ఆవిరిస్నానాలు చేయించే హమ్మామ్‌లో జులైఖా ఇరవై ఆరేళ్లు ఆడవాళ్ల ఒళ్లు రుద్దింది. గరుకు తొడుగు చేతికి వేసుకుందంటే తోలు వలిచేదాకా వదలదని పేరు. ఎవరి ఒంటిమీద ఏ మచ్చ ఉందో ఆమెకు తెలుసు. బయట మాత్రం నోరు విప్పేది కాదు. ముగ్గురి రొమ్ముల్లో గడ్డలు ముందుగా ఆమె చేతికే తగిలాయి. "సిగ్గుపడుతూ కూర్చుంటే చస్తావు, రేపే డాక్టరు దగ్గరికి పో" అని తిట్టి మరీ పంపింది. ఆ ముగ్గురూ ఇవాళ్టికీ బతికే ఉన్నారు.

అక్టోబరులో తన ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ తగిలినప్పుడు ఆమె కూడా వెళ్లింది, ఎవరికీ చెప్పకుండా. పరీక్షలు చూసి డాక్టరమ్మ ధైర్యం చెప్పింది.

"చిన్నగా ఉండగానే వచ్చావు. గడ్డ తీసి, చుట్టూ ఉన్న కండతోనే ఖాళీ పూడ్చి సర్దేస్తాను. ఆకారం చెడదు. కింది మడతలో సన్నగీత ఒకటి మిగులుతుంది, అంతే. వచ్చేవారం చేద్దాం."

"ఫిబ్రవరి దాకా ఆగకూడదా తల్లీ?"

"ఎందుకాగాలి?"

"ఇంట్లో పనుంది" అని లేచి వచ్చేసింది జులైఖా. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ పని కూతురు నువారా పెళ్లిస్నానం. రెండువైపుల ఆడవాళ్లూ నడుముకు తువ్వాలు చుట్టుకుని ఒకే ఆవిరిలో కూర్చుంటారు. అత్తవారి కళ్లు పిల్లమీద ఎంత ఉంటాయో తల్లిమీదా అంతే ఉంటాయి. కట్టు కనిపించినా, కొత్త గీత కనిపించినా ఆరా తీస్తారు. తల్లికున్న జబ్బు రేపు పిల్లకూ వస్తుందంటారు, సంబంధం చెడుతుంది. నలుగురికి బుద్ధి చెప్పిన మనిషి తనదాకా వచ్చేసరికి ఇలా లెక్కవేసుకుంది. వెర్రితల్లి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరిలో కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడుతూ నువారాను హమ్మామ్‌కు తెచ్చారు. పెళ్లికొడుకు తల్లి బాయా ఆ హమ్మామ్‌లో అడుగుపెట్టడం అదే మొదలు. వియ్యపురాలి ఒళ్లు రుద్ది, నారింజపూల నీళ్లు పోయడం పెళ్లికూతురి తల్లి మర్యాద. జులైఖా తొడుగు వేసుకుంది.

"వదినా, మీ చేతికింద పడ్డవాళ్లకి తోలు మిగలదటగా!" అంది బాయా.

"మీకు మెల్లగానే రుద్దుతాలెండి. రేపటినుంచి నా పిల్ల మీ చేతిలో ఉండాలి కదా."

అందరూ నవ్వారు. చెయ్యి వీపు దాటి, పక్కల మీదుగా కుడి రొమ్ము కింది మడతకు వచ్చి ఆగిపోయింది. అక్కడ సన్నగీత ఒకటి వేళ్లకు తగిలింది.

బాయా గొంతు తగ్గించింది. "దొరికిపోయాను. ఆరేళ్లయింది వదినా, ఆ మాయదారి జబ్బే. గడ్డ తీసి సర్దారు. మీ చేతికి తెలిసిపోతుందని ఇన్నాళ్లూ ఇటువైపు రాలేదు. తెలిస్తే మా వాడికి పిల్లనివ్వరేమోనని భయం."

జులైఖా తొడుగు తీసేసింది. బాయా అరచెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. బాయా మొహం పాలిపోయింది.

"ఎప్పటినుంచి?"

"అక్టోబరు."

"ఎందుకాగావే పిచ్చిదానా?"

"మీకు భయపడే."

అవతల ఆడవాళ్లు నాలుకలాడించి పెళ్లికేకలు పెడుతున్నారు. ఆవిరిలో ఇద్దరూ ఏడ్చింది ఎవరికీ కనపడలేదు.

పెళ్లయిన మర్నాడే బాయా ఆమెను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. గడ్డ పెరిగి చర్మాన్ని లోపలికి లాగేసింది, చంకలోకీ పాకింది.

"ఈవిడకు చేసినట్టే నాకూ సర్దు తల్లీ" అంది జులైఖా.

డాక్టరమ్మ తల ఎత్తలేదు. "అప్పుడైతే అలాగే చేసేదాన్నమ్మా. ఇప్పుడు మొత్తం తీసెయ్యాలి. ముందు ప్రాణం నిలబెట్టుకుందాం."

సంగతి తెలిసి నువారా గోడకు తల కొట్టుకుంది. "నా పెళ్లి ఏడాది ఆగితే ఏం పోయేదమ్మా?" అంది.

రొమ్ముతోపాటు చంకలో గడ్డలూ తీసేశారు. ఎండాకాలం వచ్చేసరికి ఎడమచెయ్యి వాచి, ఆమె పని పోయింది. ఒకరోజు ఆడవాళ్లు పలచబడ్డాక బాయా ఆమెను హమ్మామ్‌లో వేడి తక్కువగా ఉండే గదికి తీసుకెళ్లి, మెత్తటి బట్టతో ఒళ్లు తుడవసాగింది. ఎడమవైపు చదునుగా మిగిలిన చోటికి వచ్చి చెయ్యి పక్కకు తప్పించింది.

"అక్కడ వదిలెయ్యకు వదినా" అంది జులైఖా. "అదీ నా ఒళ్లే."