డీన్ గారి భోజనాల ప్లాను

ఇందులో ప్రతి మాటా నిజం. మా ఇలవేల్పు మీద, ఆపరేషన్ అయిన నా ఎడమ మోకాలి మీద ఒట్టు. ఒక్క మాట అబద్ధమని తేలినా, ఈ జనవరిలో, టొరంటో పక్క రిచ్‌మండ్ హిల్‌లో మా వీధి వీధంతా నేనే మంచు ఎత్తిపోస్తాను.

కోవిడ్ తగ్గి క్లాసులు మళ్ళీ గదుల్లోకి వచ్చిన మొదటి చలికాలం. టొరంటోలో ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేస్తున్న నన్ను ఉన్నత విద్య పునరాలోచన సంఘానికి కార్యదర్శిగా వేశారు. అసలు చదువంటే ఏమిటో మొదటి నుంచీ ఆలోచించాలని పైవాళ్ళ నిర్ణయం. ఆలోచించేది ప్రొఫెసర్లు. కుర్చీలు వేయించి మినిట్స్ రాసేది నేను.

సంఘం మొదటి ప్రయోగం, అనుభవానికి క్రెడిట్లు ఇవ్వడం. ఏళ్ళ తరబడి చేసిన పని తమకు నిజంగా వచ్చునని ముగ్గురు సభ్యుల బోర్డు ముందు రుజువు చేస్తే, నేరుగా డిగ్రీ మూడో ఏడాదిలో చేరొచ్చు.

మొదటి అభ్యర్థి మన సుగుణ గారు. ఊరి పడమటి చివర ఎటోబికోలో, విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో పన్నెండేళ్ళుగా షిఫ్ట్ సూపర్‌వైజర్. అక్కడ మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. మూడో ఏడాదిలో చేరినట్టు కాగితం తెస్తే ఆమెకు, తేకపోతే ఆమె దగ్గర పని నేర్చుకున్నాయనకు.

బోర్డుకి అధ్యక్షత మా డీన్ గారు, అంటే మొత్తం విభాగానికి పెద్ద. ఇంత వంటశాలను మీరే నడిపారా అని ఆవిడ అడిగారు. నాదేముందండీ, అందరూ కలిసి చేశారు అంది సుగుణ గారు. ప్లాను వేయడం వచ్చా అంటే, ఏదో కొద్దిగా అంది. సమస్యలొస్తే ఎవరు తీర్చేవారు అంటే, దేవుడి దయవల్ల అలా గడిచిపోయేది అంది. మాట్లాడింది ఇంగ్లీషే గానీ, మర్యాద మాత్రం అచ్చంగా మనది.

మనింట్లో ఒకావిడ వంట ‘ఏదో కొద్దిగా’ వచ్చంటే, పెళ్ళిభోజనాలు అప్పగించొచ్చని మనకు తెలుసు. డీన్ గారికేం తెలుసు? ఫారంలో ‘ప్రణాళిక: కొద్దిగా. సమస్యల పరిష్కారం: దేవుడు’ అని రాసుకున్నారు.

విరామంలో సుగుణ గారిని కారిడార్‌లో పట్టుకున్నాను. “ఏంటమ్మా ఇది? నేనే చేశానని చెప్పొచ్చుగా!”

“నోరెలా వస్తుందండీ మూర్తి గారూ? మా అమ్మ వింటే చెంప పగలగొడుతుంది.”

“ఆవిడ నెల్లూరులో ఉన్నారు కదమ్మా!”

“ఉంటే?”

ఇక చేసేదేముంది? నిబంధనల ప్రకారం బోర్డు ముందు కార్యదర్శి నోరు విప్పకూడదు. కాగితాలు అందించొచ్చు. అందుకని బోర్డు మళ్ళీ కూర్చున్నాక, కొత్త విద్యార్థుల కుటుంబాలు క్యాంపస్ చూడ్డానికి వచ్చే రోజుకి తయారైన భోజనాల ప్లాను ఆమె ముందుకు జరిపాను. తన గొప్ప చెప్పుకోని మనిషి, పక్కవాళ్ళ వడ్డన ఏర్పాట్ల మీద నోరు మూసుకుని ఉండగలదా?

సుగుణ గారు కళ్ళజోడు పెట్టుకుంది. “అయ్యో, ఇదెవరు రాశారండీ పాపం?”

అంతే. లోపలికొచ్చేవాళ్ళూ ప్లేట్లతో బయటికెళ్ళేవాళ్ళూ ఒకే తలుపులో గుద్దుకుంటారంది. కోడికూరకీ పప్పుకీ ఒకే గరిటె ఏమిటంది. ట్రాలీ ప్లానులో రాసిన లిఫ్టులో పట్టదంది, తను పైకి వచ్చింది అందులోనే కాబట్టి. లేచి వైట్‌బోర్డు మీద బొమ్మ గీసింది. నలభై నిమిషాలు. మిగతా ఇద్దరు ప్రొఫెసర్లూ నోట్సు రాసుకుంటున్నారు.

“ఇది రాసినాయన జన్మలో ఎవరికైనా అన్నం పెట్టాడా?”

డీన్ గారు పెన్ను బల్ల మీద పెట్టి, రాసింది నేనే అన్నారు.

సుగుణ గారు కళ్ళజోడు తీసేసింది. “బాగానే ఉందండీ. ఏదో కొద్దిగా మారిస్తే చాలు.”

ఆ మాట కొలత ఎంతో డీన్ గారికి అప్పుడు అందింది. పెన్ను తీసి, ఫారంలో ‘కొద్దిగా’ కొట్టేసి ‘పూర్తిగా’ అని రాశారు. దేవుణ్ణి కూడా కొట్టేశారు.

సుగుణ గారు మూడో ఏడాదిలో చేరింది, మేనేజర్ అయింది. ఆ తర్వాత అభ్యర్థుల్ని మీకేం వచ్చని అడగడం మానేసి, ఒక చెడ్డ ప్లాను చేతికిచ్చి దిద్దమనడం మా పద్ధతైంది. పని వచ్చినవాళ్ళందరికీ పని వచ్చని చెప్పడం రాదు. పరీక్ష పెట్టేవాళ్ళు ఆ రెండిటినీ విడిగా చూడాలి.

ఇక ఒట్టు సంగతి. ఆ కాగితం నేను తెలివిగా జరిపానన్నది కల్పన. దాని మీద నా కాఫీ కప్పు పెట్టుకున్నాను. మరక పడుతుందని కప్పు తీసి, సుగుణ గారే చదివింది. సంఘం నివేదికలో మాత్రం ఆ ఆలోచన కార్యదర్శిదని ఉంటుంది. మినిట్స్ రాసింది నేనే కదా. జనవరికి పార కొనుక్కున్నాను.