సొంత చీరలో ఒక్క ఫొటో

మా స్టూడియో కృష్ణానగర్‌లో పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కొత్తవాళ్లెవరైనా వస్తే నన్ను దాటి లోపలికి తొంగిచూసి "సార్ లేరా?" అంటారు. "నేనే సార్‌ని, కూర్చో" అంటాను. మా నాన్న తెనాలిలో ఫొటోలు తీసేవారు. కెమెరా పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్టిల్స్ తీయడం మాత్రం ఇక్కడికొచ్చాకే వచ్చింది.

స్టిల్స్ అంటే వేషాల కోసం సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు చేత్తో పట్టుకెళ్లే ఫొటోలు. పోలీసు చొక్కా, డాక్టరు కోటు, పట్టుచీర, మాసిన లుంగీ అన్నీ నా దగ్గరే ఉంటాయి. నవ్వుతూ ఒకటి, ఏడుస్తూ ఒకటి, కళ్లెర్రజేసి ఒకటి తీస్తాను. అన్నీ అయ్యాక "ఇప్పుడు మీ బట్టల్లో ఒకటి, నా కోసం" అంటాను. చాలామంది విసుక్కుంటారు. వేషం తెచ్చిపెట్టని ఫొటో వాళ్లకెందుకు? అయినా వదలను, కూర్చోబెట్టి తీస్తాను.

స్టూడియో బయట కూడా ఇదే వరస. బోనాలు, వినాయక చవితి, బడిలో జెండా పండగ, నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల కొట్లాట, ఎవరూ పిలవకపోయినా వెళ్లి తీశాను. "నీకేమైనా పిచ్చా? ఫిలిం దండగ" అని తోటి ఫొటోగ్రాఫర్లు మొహం మీదే అన్నారు. జూబ్లీహిల్స్ గుట్ట మీద ఉండే సినిమా స్టార్లు గేటు దాటితే తీయడానికి వంద కెమెరాలున్నాయి. గుట్ట కింద వాళ్లని తీసేదెవరు? అందుకే తీశాను. నెగెటివ్‌లన్నీ చీరల డబ్బాల్లో పెట్టి, పైన గల్లీ పేరు, పండగ పేరు రాసుకున్నాను.

ఒక్కామె మాత్రం నా కుర్చీలో సొంత బట్టల్లో ఎన్నడూ కూర్చోలేదు. నల్లగొండ వైపు నుంచి వచ్చి, పాతికేళ్లు సినిమా గుంపుల్లో నిలబడ్డ మనిషి. పెళ్లి సీన్లో పేరంటాలు, ఆసుపత్రి సీన్లో నర్సు, గుడి సీన్లో బిచ్చగత్తె. స్టిల్స్ అవగానే కోటు నా చేతిలో పెట్టి చెప్పుల్లో కాళ్లు దూర్చేది. "నా మొఖం ఎవలు జూస్తరక్కా? బండి పోతది" అనేది. బండి అంటే షూటింగ్ బస్సు. అది నిజంగానే వెళ్లిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు.

పోయినేడు వానాకాలంలో ఆమె పోయింది. నాలుగో రోజున కూతురు నా దగ్గరికి వచ్చింది. పిల్ల మొహంలో ఏడుపు కంటే సిగ్గే ఎక్కువగా కనిపించింది. ఇంట్లో ఉన్నవాటిలో బాగున్న ఫొటో చూసి పెద్దది చేయించి దండ వేసిందట. అది నేను తీసిందే. తెల్లకోటు, కళ్లజోడు, మెడలో స్టెతస్కోపు. ఊరి నుంచి వచ్చిన చిన్నమ్మ దాని ముందు నిలబడి, "గీ డాక్టరమ్మ ఎవలే? మా అక్క ఫొటో ఏది?" అని అడిగిందట.

"ఇంట్ల ఉన్నయన్ని గట్లనే ఉన్నయ్ ఆంటీ" అంది ఆ పిల్ల. "ఒకదాంట్ల పోలీసు, ఇంకోదాంట్ల బిచ్చగత్తె. ఆధార్ కార్డుల ఫొటో జూస్తే నాకే అమ్మ లెక్క అనిపిస్తలేదు. దశదినకర్మకు మా అమ్మ లెక్క ఉన్నది ఒక్కటన్న దొరుకుతదా?"

నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది, అదీ నా మీదే. ఆ కోటు తొడిగింది నేనే. ఇంతమందిని బలవంతంగా కూర్చోబెట్టినదాన్ని, ఈమెను చెయ్యి పట్టుకుని ఒక్క నిమిషం ఆపలేకపోయాను.

షట్టరు సగం దించి రెండు రోజులు డబ్బాలు తిరగేశాను. బోనాల్లో ఆమె వీపు దొరికింది. ట్యాంకర్ దగ్గర మొహానికి బిందె అడ్డం. మూడో రోజు పొద్దున చవితి డబ్బాలో దొరికింది. మండపం దగ్గర అన్నదానం జరుగుతోంది. నూలు చీర, కొంగు బొడ్లో దోపుకుని ఉంది. చేతిలో గరిటె. నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆమె ముందు ప్లేటు పట్టుకుని నిలబడ్డ బక్కపల్చటి మనిషిని చూసి నేనే ఉలిక్కిపడ్డాను. అప్పుడు పక్క గల్లీలో గది కిరాయికి తీసుకుని వేషాల కోసం తిరిగేవాడు. ఇప్పుడు ఆయన సినిమా వస్తే కటౌట్లకు పాలాభిషేకాలు చేస్తారు.

జూబ్లీహిల్స్‌లో కొత్తగా కట్టిన ఒక క్లబ్బు మేనేజరు పాత ఫొటోల కోసం నెలరోజులుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. ఆ మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. నేను స్కాన్ చేసి కంప్యూటర్ మీద పెట్టిన ఈ ఫొటో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, సార్ స్ట్రగుల్ డేస్! ఇదే మా లాబీలో మెయిన్ వాల్ అండీ" అన్నాడు. తెర మీద వేలు పెట్టి ఒక గీత గీశాడు. "ఇక్కడికి క్రాప్ చేసేద్దాం. ప్లేటు, గరిటె, ఆ చెయ్యి ఉంటే చాలు. ఆవిడ వద్దు, ఎమోషన్ సార్‌ది కదా. నెగెటివ్ మాకిచ్చేయాలి, ఇంకెక్కడా ప్రింట్ ఉండకూడదు."

"ఆ చెయ్యి ఎవరిది?" అని అడిగాను.

"ఎవరో అండీ. జూనియర్ ఆర్టిస్ట్ అనుకుంటా."

"ఆ రోజు ఆర్టిస్టు కాదు. ఆ గల్లీ మనిషి. పొద్దున్నుంచి నిలబడి వండింది, వడ్డించింది. అన్నం పెట్టిన చెయ్యి ఉంచి, పెట్టిన మనిషిని తీసేస్తారా?"

అతను తగ్గలేదు. "పోనీ ఫొటో కింద మీ పేరు పెద్దగా వేస్తాం మేడమ్" అన్నాడు.

అబద్ధం చెప్పను, ఆ మాటకు నా మనసు లాగింది. ఇన్నేళ్లలో నేను తీసిన ఫొటో కింద నా పేరు ఎవరూ వేయలేదు. మొహం లేని ఆ చేతి కింద నా పేరు ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకున్నాను. కంప్యూటర్ తెర ఆపేశాను.

"ఇవ్వను. వెళ్లిరండి" అన్నాను.

"ఎవరూ చూడని ఫొటోలండీ ఇవి. డబ్బాల్లో బూజు పడతాయి" అన్నాడు గుమ్మం దగ్గర ఆగి.

"బూజు దులుపుకోవడం నాకు తెలుసు" అన్నాను.

అతను వెళ్లాక ప్రింటు తీయడానికి కూర్చున్నాను. క్రాప్ చేయడం నాకూ వచ్చు. ఎడమవైపు నుంచి గీత జరుపుకుంటూ వచ్చి, ఆయన భుజం, గడ్డం, ముక్కు అన్నీ తీసేశాను. ప్లేటు అంచు, దాన్ని పట్టుకున్న రెండు వేళ్లు మిగిలాయి. వాటిని తీస్తే గరిటె తెగిపోతుంది కాబట్టి ఉంచాను.

దశదినకర్మ రోజు పొద్దున్నే ఫ్రేము చంకలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. రెండో అంతస్తులో ఒకటే గది. కూతురు డాక్టరమ్మను మేకు నుంచి దించి, అమ్మను పెట్టింది. చిన్నమ్మ దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. అద్దం మీద అరచెయ్యి ఆనించి, "గిది మా అక్క. కొంగు గట్లనే దోపుతది" అని గొల్లుమంది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి?

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, ఫొటో అంచున ఉన్న వేళ్లు చూపించింది.

"ఎవలికి పెడ్తుందమ్మా మా అక్క అన్నం?"

కూతురు నా వైపు చూసింది.

"ఎవరో లేమ్మా, ఆకలేసి వచ్చాడు" అన్నాను.